మిర్రర్‌లెస్సా, పాత సూపర్‌జూమా? బిందె మూతి లెక్క

గుంటూరు నుంచి మా బావమరిది వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపాడు. ఒకటి రెండు లెన్సులతో వచ్చే కొత్త కెనాన్ ఆర్50 పెట్టె, లెన్సులు మార్చుకోగల మిర్రర్‌లెస్ కెమెరా. రెండోది ఎవరో వాడి అమ్మకానికి పెట్టిన నికాన్ పీ900, లెన్సు ఊడదీయలేని, దూరానివి బాగా దగ్గరికి లాగే సూపర్‌జూమ్. ఇది కొత్తదాని ధరలో సగానికే వస్తోందట. కింద రాశాడు: "ఏది తీసుకోమంటారు బావా? షాపులో అయితే సెన్సర్ పెద్దది, కళ్లు మూసుకుని కొత్తది తీసుకోండి అంటున్నారు."

వాడికి కావలసినవి మూడు. ఆదివారాలు ఉప్పలపాడు చెరువు గట్టున నిలబడి కొంగల్నీ గూడబాతుల్నీ తీయాలి. రెండో ఏడు నడుస్తున్న కూతుర్ని ఇంట్లో తీయాలి. పున్నమినాడు డాబా ఎక్కి చంద్రుణ్ణి తీయాలి. చాలామంది మొదటి కెమెరా కొనేటప్పుడు కోరుకునేవి దాదాపు ఇవే, కాబట్టి వాడికి చెప్పిన జవాబునే కాస్త విడమరిచి ఇక్కడ రాస్తున్నాను.

సెన్సర్ అంటే కెమెరా లోపల వెలుగుని బొమ్మగా మార్చే చిప్పు. షాపతను చెప్పిన కొలత నిజమే. పీ900లో సెన్సర్ సుమారు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు ఉంటుంది, అంటే చిటికెన వేలి గోరంత కూడా లేదు. ఆర్50లో అది 22.3 మి.మీ. వెడల్పు, 14.9 మి.మీ. ఎత్తు. వైశాల్యంలో పన్నెండు రెట్ల దాకా తేడా. మధ్యలో ఇంకో రకం ఉంది, దాన్ని ఒక అంగుళం సెన్సర్ అంటారు. నిజానికి దాని ఏ పక్కా అంగుళం ఉండదు, కొలిస్తే 13.2 మి.మీ., 8.8 మి.మీ. మాత్రమే. పాత టీవీ కెమెరా గొట్టాల కాలం నుంచి వచ్చిన పేరది. సోనీ ఆర్‌ఎక్స్10 వరుస, పానాసోనిక్ ఎఫ్‌జెడ్1000 ఈ రకానివే.

సెన్సర్ పన్నెండు రెట్లు పెద్దదైతే ఫొటో కూడా పన్నెండు రెట్లు బాగుండాలి కదా? దూరంగా ఉన్న పక్షి విషయంలో అలా జరగదు. చాలా సందర్భాల్లో తిరగబడుతుంది కూడా. ఎందుకో తెలియాలంటే కెమెరా పక్కన పెట్టి వాకిట్లో వానకి పెట్టిన బిందె గురించి ఆలోచించాలి.

వాన కురుస్తున్నప్పుడు బిందెలో ఎన్ని నీళ్లు పడతాయన్నది దాని మూతి వెడల్పు మీద ఉంటుంది. పొట్ట ఎంత పెద్దదైనా మూతి సన్నగా ఉంటే పక్కనున్న గంగాళంలో పడినన్ని పడవు. కెమెరాలో సెన్సర్ పొట్టలాంటిది, లెన్సులోకి వెలుగు దూరే రంధ్రం మూతిలాంటిది. చెట్టు మీది కొంగ నుంచి బయల్దేరిన వెలుగులో మన కెమెరాకి ఎంత దక్కిందో తేల్చేది ఈ మూతి.

మూతి కొలవడానికి ఒక్క భాగహారం చాలు. లెన్సు అసలు ఫోకల్ దూరాన్ని ఎఫ్ సంఖ్యతో భాగించాలి. పాత ఫిల్మ్ కెమెరా లెక్కలోకి మార్చి ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసే '2000 మి.మీ.' కాదు, లెన్సు మీద చిన్నగా చెక్కి ఉండే అసలు సంఖ్య. పీ900 మీద 4.3-357 మి.మీ., ఎఫ్/2.8-6.5 అని ఉంటుంది: ముందుది ఫోకల్ దూరం, తర్వాతది ఎఫ్ సంఖ్య. జూమ్ చివరిదాకా లాగితే 357ని 6.5తో భాగించాలి: 55 మి.మీ. ఇక ఆర్50తో పెట్టెలో వచ్చే 55-210 లెన్సు చూద్దాం. చివర్లో అది ఎఫ్/7.1, కాబట్టి 210ని 7.1తో భాగిస్తే 30 మి.మీ. కూడా రాదు.

అంటే అదే కొంగ నుంచి, అదే షట్టర్ వేగానికి (అంటే వెలుగుని అంతే సేపు రానిస్తే), చిన్న సెన్సరున్న పాత కెమెరా పోగుచేసే వెలుగు పెద్ద సెన్సరున్న కొత్తదానికంటే మూడు రెట్లు ఎక్కువ. పైగా ఆర్50 ఫొటోలో ఆ కొంగ మధ్యలో చిన్న మచ్చలా ఉంటుంది. దాన్ని కత్తిరించి పెద్దది చేసుకోవాల్సిందే. కత్తిరించామంటే చుట్టూ ఉన్న సెన్సరంతా పారేసినట్టే. డబ్బు పెట్టి కొన్న పొట్ట ఖాళీగా మిగిలిపోతుంది.

ఇదే లెక్కతో ఇంకొన్ని చూస్తే సరదాగా ఉంటుంది. 2017లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4లో జూమ్ 600 మి.మీ. దాకానే అని రాసి ఉంటుంది. పీ900 మీద 2000 అని ఉంటుంది. ఎవరైనా రెండోదే మూడు రెట్లు గొప్పది అనుకుంటారు. సోనీ లెన్సు అసలు కొలత 220 మి.మీ., ఎఫ్/4. భాగిస్తే వచ్చేది అదే 55. మూతులు రెండూ ఒకటే! 2012 నాటి పానాసోనిక్ ఎఫ్‌జెడ్200లో జూమ్ పొడవునా ఎఫ్/2.8 ఉండేది. 108ని 2.8తో భాగిస్తే 39 మి.మీ. దాకా వస్తుంది. పదేళ్లు దాటిన ఆ కెమెరా మూతి కూడా ఆర్50 పెట్టెలోని లెన్సు మూతికంటే వెడల్పే. నికాన్ మిర్రర్‌లెస్ పెట్టెల్లో వచ్చే 50-250 లెన్సుది 40 మి.మీ., దాని పరిస్థితి కొంచెం నయం.

మరి ఆ 2000 అంతా బూటకమా అంటే, కాదు. కానీ అందులో కొంత గాలి ఉంది. వెలుగు ఒక రంధ్రంలోంచి వచ్చేటప్పుడు కొద్దిగా విచ్చుకుంటుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో వివర్తనం అని చదువుకున్నది ఇదే. పీ900 జూమ్ చివర్లో ఒక్క చుక్క వెలుగు సెన్సర్ మీద ఆరు పిక్సెళ్ల వెడల్పున పరుచుకుంటుంది. కాబట్టి కొంగ తెరనిండా కనిపిస్తుంది గానీ, పెద్దదైనంత మేరకు ఈకలు విడివిడిగా తేలవు. 2018లో వచ్చిన పీ1000 జూమ్‌ని 3000 దాకా తీసుకెళ్లింది. దాని మూతి మాత్రం 55 నుంచి 67 మి.మీ.కే పెరిగింది. బరువు 900 గ్రాముల నుంచి 1,400 దాటింది. నేనైతే ఆ అదనపు అరకిలో మెడకి తగిలించుకోను.

ఇంకో సంగతి. ప్రకటనల్లో కనిపించే '83 ఎక్స్', '125 ఎక్స్' దూరం ఎంత లాగగలదో చెప్పవు. జూమ్ చివరి కొలతని మొదటి కొలతతో భాగిస్తే వచ్చే సంఖ్య అది, అంతే. 100-400 లెన్సుని ఆ లెక్కన 4 ఎక్స్ అనాలి. పక్షుల ఫొటోలు తీసేవాళ్లలో చాలామంది చేతుల్లో ఉండేది అలాంటిదే.

ఇక్కడిదాకా చదివి పాతదే కొనేద్దామనుకునేవాళ్లు కాస్త ఆగాలి. వెలుగు పోగవడం ఒక ఎత్తు, పక్షి దొరకడం ఇంకో ఎత్తు.

పీ900 లాంటి పాత సూపర్‌జూమ్‌లు ఫోకస్‌ని వెతుక్కుంటాయి. లెన్సుని ముందుకీ వెనక్కీ జరిపి, ఎక్కడ బొమ్మ గీతలు పదునుగా ఉన్నాయో చూసుకుని అక్కడ ఆగుతాయి. చీకట్లో స్విచ్ కోసం గోడ తడిమినట్టు. కొమ్మ మీద కూర్చున్న లకుముకిపిట్టకి ఇది సరిపోతుంది. ఎగిరే పక్షి మాత్రం కెమెరా తడుముకునేలోపు గట్టు దాటిపోతుంది. గబగబా ఏడు ఫొటోలు తీశాక పీ900 ఆగి ఊపిరి తీసుకుంటుంది కూడా. ఆర్50 అలా కాదు. దాని సెన్సర్‌లోనే దూరాన్ని పసిగట్టే ఏర్పాటుంది, లెన్సు ఎటు ఎంత జరగాలో ముందే తెలుస్తుంది. పక్షిని పక్షిగా గుర్తుపట్టి కన్ను మీద ఫోకస్ నిలపడానికి ప్రయత్నిస్తుంది, సెకనుకి 12 ఫొటోలు తీస్తుంది. పాత సూపర్‌జూమ్‌లలో ఆర్‌ఎక్స్10 మార్క్ 4 ఈ విషయంలో వేరు. దానికీ అలాంటి ఫోకస్ ఉంది, అందుకే వాడినది కూడా ఇంకా చవకగా దొరకదు.

మిర్రర్‌లెస్ అన్నంత మాత్రాన ఇవన్నీ ఉంటాయనుకోకూడదు. ఆర్50తోపాటు 2023లోనే వచ్చిన ఆర్100 ఇంకా చవక, కానీ అందులో జంతువుల్నీ పక్షుల్నీ గుర్తించే ఏర్పాటు లేదు, తెర కదలదు, వేలితో తాకితే పలకదు. నికాన్ జెడ్30లో కన్ను ఆనించి చూసే కిటికీయే లేదు. ఏప్రిల్ ఎండలో చెరువు గట్టున వెనక తెర చూస్తూ పక్షిని వెతకడం ఎలా ఉంటుందో ఒకసారి ప్రయత్నించినవాళ్లకి తెలుస్తుంది. ఫోన్‌లో తీసేటప్పుడు మనమే తెర మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటాం కదా, ఇక్కడ ఆ చెయ్యి కెమెరా పట్టుకుని ఉంటుంది.

పాతదానితో ఇంకో చిక్కు: 2000 దగ్గర పక్షిని వెతకడం అంటే కొబ్బరిపుల్లంత సందులోంచి ఊరంతా చూడటం. పక్షి కదిలిందా, తెరలో ఆకాశం తప్ప ఏమీ మిగలదు. పీ900లో లెన్సు పక్కన ఒక మీట ఉంటుంది. నొక్కితే జూమ్ కాస్త వెనక్కి వస్తుంది, పక్షి దొరికాక వదిలితే మళ్లీ ముందుకెళ్తుంది. ఆ మీట అలవాటైతేనే ఆ కెమెరా పనికొస్తుంది. వేసవి మధ్యాహ్నాలయితే కొల్లేరులో గానీ పులికాట్‌లో గానీ నీళ్ల మీద గాలి మరుగుతున్నట్టు కదులుతుంటుంది, అప్పుడు ఎంత జూమ్ లాగితే అంత చెడుతుంది. ఏ కెమెరా అయినా ఉదయం తొమ్మిదిలోపు పని ముగించుకోవడం మంచిది.

ఇక ఇంట్లో పాప దగ్గరికి వద్దాం. ఇక్కడ లెక్క తల్లకిందులవుతుంది. జూమ్ లాగకుండా వెడల్పుగా తీసేటప్పుడు పీ900 మూతి 4.3ని 2.8తో భాగించినంత, అంటే మిల్లీమీటరున్నర. ఆర్50తో వచ్చే 18-45 లెన్సుకి 18 దగ్గర ఎఫ్/4.5, అంటే 4 మి.మీ. వెలుగులో తేడా ఏడు రెట్ల దాకా వస్తుంది. రెండు లెన్సులూ చూసే వెడల్పులో ఉన్న తేడా సర్దినా నాలుగున్నర రెట్లకి తగ్గదు. రాత్రి ట్యూబ్‌లైట్ వెలుగులో కేకు కోస్తున్న పాప ముఖం పీ900లో పిండి చల్లినట్టు వస్తుంది, ఆర్50లో ఫర్వాలేదు.

ఆ ఫర్వాలేదుతో మాత్రం సంతోషించకూడదు. ఇప్పటి మంచి ఫోన్ కూడా అదే పని అంతే బాగా చేస్తుంది. ఫోన్ లెన్సు చిన్నదే అయినా ఎఫ్ సంఖ్య బాగా తక్కువ కాబట్టి మూతి మరీ ఇరుకు కాదు, దానికితోడు నాలుగైదు ఫొటోలు తీసి కలిపి ఒకటి చేస్తుంది. వేలకి వేలు పోసి కెమెరా కొని, పెట్టెలో వచ్చిన చిన్న లెన్సుతోనే నాలుగేళ్లు గడిపేవాళ్లని ఎందరినో చూశాను. వాళ్లు నిజానికి కొంచెం పెద్ద ఫోన్ కొన్నట్టే.

మిర్రర్‌లెస్ నిజంగా వేరే కెమెరా అయ్యేది రెండో లెన్సు తగిలించాక. కెనాన్‌లో 50 మి.మీ., ఎఫ్/1.8 లెన్సు ఉంది. కెనాన్ లెన్సుల్లో బాగా చవకైన వాటిలో అదొకటి. మూతి 28 మి.మీ. అదే దృశ్యాన్ని పీ900తో తీయాలంటే ఎంత ఉదారంగా లెక్కేసినా మూతి 5 మి.మీ. మించదు. అంటే వెలుగు ముప్పై రెట్లు. కిటికీ పక్కన కూర్చోబెట్టి పాపని తీస్తే, వెనక బట్టలు ఆరేసిన దండెం మెత్తగా కరిగిపోయి రంగులుగా మిగులుతుంది. ఆ కరగడాన్ని కూడా ఎక్కువగా నిర్ణయించేది మూతి వెడల్పే.

పక్షుల వైపు రెండో లెన్సు కెనాన్‌దే ఆర్‌ఎఫ్ 100-400. చివర్లో ఎఫ్/8 కాబట్టి మూతి 50 మి.మీ., పీ900కి దాదాపు సమానం, పైగా ఎగిరే పక్షిని పట్టే ఫోకస్. బరువు 635 గ్రాములు. ఆర్50 తన 375 గ్రాములతో కలిపితే కిలో. పీ900 కంటే కాస్త ఎక్కువ, ఆర్‌ఎక్స్10 మార్క్ 4 కంటే కాస్త తక్కువ. మిర్రర్‌లెస్ తేలిక అని కొన్నవాళ్లకి ఈ కూడిక ఎవరూ ముందు చెప్పరు. గాజుకి బరువుంటుంది, ఏ పేరుతో అమ్మినా మూతి పెద్దదైతే గాజు పెరగాల్సిందే.

డబ్బు తక్కువున్నవాళ్లకి నాకు నచ్చిన దారి ఒకటుంది. కెనాన్ పాత డీఎస్‌ఎల్‌ఆర్‌ల (లోపల అద్దం ఉండే కెమెరాల) కోసం చేసిన 55-250 ఎస్‌టీఎం లెన్సు వాడినది తక్కువకే దొరుకుతుంది. ఎఫ్/5.6, అంటే మూతి 45 మి.మీ. మధ్యలో కెనాన్ అడాప్టర్ రింగు పెడితే ఆర్50కి చక్కగా పనిచేస్తుంది. కొత్త 55-210 కంటే వెలుగు రెట్టింపు పైనే. కొత్తది చిన్నగా, ముద్దుగా ఉంటుంది. ఆ ముద్దుతనానికి మూతినే కోసేశారు.

చంద్రుడి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, అక్కడ పాతదే గెలుస్తుంది. చంద్రుడి మీద పడేది పట్టపగటి ఎండ, కాబట్టి వెలుగుకి కొదవలేదు. పీ900 పూర్తి జూమ్‌లో చంద్రబింబం ఫొటో ఎత్తులో మూడింట రెండొంతులు నిండుతుంది. ఆర్50 పెట్టెలోని 55-210తో ఎనిమిదో వంతు. డాబా మీద పిట్టగోడకి మోచేతులు ఆనించి తీసినా గుంటలు కనిపిస్తాయి. ఇంటిల్లిపాదీ పిలిచి చూపించుకోవచ్చు.

పాతది అనగానే అందరూ అడిగేది, ఇన్నేళ్ల నాటి కెమెరాతో పోటీ ఏమిటని. సూపర్‌జూమ్‌ల కథ మధ్యలో ఆగిపోయింది, అదీ కారణం. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వెళ్లాయి. 2023లో 80 లక్షలు కూడా లేవు. ఫోన్లు తినేశాయి. కంపెనీలు మిగిలిన డబ్బుని మిర్రర్‌లెస్ మీద పెట్టాయి. 2025లో నికాన్ తెచ్చిన పీ1100 కూడా 2018 నాటి పీ1000కి చిన్న చిన్న మార్పులు చేసినదే. కాబట్టి కొత్త సూపర్‌జూమ్ కొన్నా లోపలిది చాలావరకు పాతదే. అలాంటప్పుడు వాడినది చవకగా కొనడంలో నష్టం తక్కువ. ఒక్కటి గుర్తుంచుకోవాలి: పీ900లో రా ఫైళ్లు (సెన్సర్ పట్టింది పట్టినట్టుండే పచ్చి ఫైళ్లు) రావు, కెమెరా వండి వడ్డించిన జేపెగ్ మాత్రమే. తర్వాత వచ్చిన పీ950, పీ1000లలో రా వస్తుంది. కంప్యూటర్‌లో కూర్చుని ఫొటో దిద్దుకునే అలవాటుంటే ఇది పెద్ద తేడా.

వాడినది కొనేటప్పుడు నా భయం షట్టర్ గురించి కాదు, దుమ్ము గురించి. సూపర్‌జూమ్ లెన్సు బయటికి వచ్చి లోపలికి వెళ్లిన ప్రతిసారీ గాలిని పీలుస్తుంది. ఆ గాలితోపాటు దుమ్ము లోపలికి వెళ్తుంది, ఇంట్లో విప్పి తుడవడానికి వీలుండదు. తెల్లటి గోడని, మూతిని బాగా కుదించి (చిన్న ఎపర్చర్‌తో), జూమ్ మొదట్లో ఒకటి చివర్లో ఒకటి ఫొటో తీసి చూస్తే నల్ల మచ్చలు బయటపడతాయి. కాకినాడ, విశాఖ లాంటి తేమ ఊళ్లలో వాడిన కెమెరా అయితే ముందునుంచి టార్చి వేసి లోపల చూడాలి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది బూజు, వదిలేయడమే. జూమ్ పూర్తిగా లాగి, ముందుభాగం పట్టుకుని మెల్లగా కదిపితే ఎంత వదులైందో తెలుస్తుంది. బ్యాటరీ అసలుదేనా, ఇంకా దొరుకుతుందా అన్నది కూడా అడగాలి. నేనొకసారి ఇవేవీ చూడకుండా, అమ్మేవాడి మాట తీరు నచ్చి ఒకటి కొన్నాను. వారంలో జూమ్ సగంలో ఇరుక్కుపోయింది. బాగుచేయించే ఖర్చు కొన్న ధరని దాటింది.

మిర్రర్‌లెస్‌లో సెన్సర్ మీద దుమ్ము పడితే చేతి బ్లోయర్‌తో ఊది వదిలించుకోవచ్చు. లెన్సు పాడైతే లెన్సు ఒక్కటే పోతుంది, బాడీ పాతబడితే లెన్సులు మిగులుతాయి. సూపర్‌జూమ్‌లో ఏది పోయినా అంతా పోయినట్టే.

ఇదంతా చెప్పాక బావమరిదిని ఒక్కటే అడిగాను, వచ్చే ఏడాదిలో రెండో లెన్సు కొంటావా అని. కొనేట్టయితే ఆర్50 బాడీ, చిన్న లెన్సు మాత్రమే తీసుకుని, 55-210 ఉన్న పెద్ద పెట్టె వదిలేసి, ముందు 50 ఎఫ్/1.8, తర్వాత వీలున్నప్పుడు 100-400 కొనమన్నాను. కొనకపోతే పాత పీ900 తీసుకుని పాపని ఫోన్‌తో తీయమన్నాను. రెండు లెన్సుల పెట్టె ఒక్కటి కొని అక్కడితో ఆగిపోవడం మాత్రం వద్దన్నాను. ఇంట్లో ఫోన్ చేసే పనికీ, చెరువు దగ్గర పాత కెమెరా చేసే పనికీ రెట్టింపు ధర కట్టినట్టవుతుంది.

"ఇల్లు కడుతున్నాం బావా, ఇంకో మూడేళ్లు లెన్సు మాటెత్తితే మీ చెల్లెలు ఊరుకోదు," అన్నాడు.

పీ900 తెల్లగోడ పరీక్ష నెగ్గింది. మూలన ఒక్క మచ్చ ఉంటే దానికి అయిదొందలు తగ్గించారట. పోయిన ఆదివారం ఉప్పలపాడు నుంచి పదకొండు ఫొటోలు పంపాడు. గూట్లో పిల్లకి చేప పెడుతున్న ఎర్రకాళ్ల కొంగ బ్రహ్మాండంగా వచ్చింది, ముక్కు మీది తడి కూడా కనిపిస్తోంది. చివరి మూడూ ఖాళీ ఆకాశం.

"వీటిలో పక్షి ఏదిరా?" అని అడిగాను.

"ఇప్పుడే వెళ్లింది బావా."